డ్రైవరా, గెస్టా?

రాజధాని మా పక్కకే వస్తోందని అందరూ చెప్పుకునే ఆ రోజుల్లో మా వైపు మనుషులు నేలను చూసి నడవడం మానేసి, నేలను చూసి నవ్వుకోవడం మొదలుపెట్టారు. నిన్నటిదాకా మిరపతోటలో తెగులుకు ఏ మందు కొట్టాలని మాట్లాడుకున్నవాళ్ళు, పొద్దున్నే కాఫీ హోటల్లో కూర్చుని ఏ కారు కొనాలని మాట్లాడుకునేవారు. అటు చెవిటికల్లు నుంచి ఇటు జగ్గయ్యపేట దాకా పొలం అమ్మినవాడు ఒక రకంగా, అమ్మబోతున్నవాడు ఇంకొక రకంగా, అమ్మడానికి ఏమీ మిగలనివాడు మరొక రకంగా కార్ల గురించి కలలు కనేవారు. నేను మూడో రకం. మా వంశం అమ్మవలసిందంతా నేను పుట్టక ముందే, నేలకు విలువ లేని కాలంలోనే అమ్మేసింది. (మా వాళ్ళు ఏ పనైనా అందరికన్నా ముందు చేస్తారు. ఈ ప్రాంతంలో మొదటి మోటారు కారు కొన్నదీ మేమే, మొదట అమ్ముకున్నదీ మేమే.)

ఇప్పటికీ మా కార్ల క్లబ్బు వాళ్ళం ఆదివారం పూట కీసర దగ్గర హైవే పక్కన టీ తాగుతూ కూర్చున్నామంటే, ఎవరో ఒకరు ఆ రోజుల్లో ఒక విదేశీ కార్ల కంపెనీ వాళ్ళు మా వైపు పెట్టిన టెస్ట్ డ్రైవుల ముచ్చట ఎత్తుతారు. కంపెనీ పేరు చెప్పను. చెబితే సిగ్గుపడవలసింది వాళ్ళో నేనో తేలదు. ఒకాయన అక్కడ తిన్న జీడిపప్పు గురించి చెబుతాడు. ఇంకొకాయన, డిక్కీలో ఎరువు బస్తాలు పడతాయో లేదో చూడటానికి తానే అందులో ఎక్కి పడుకున్న సంగతి చెబుతాడు. అందరూ నవ్వి అలిసిపోయాక నావైపు తిరుగుతారు. "ఇంతకీ బావా, నువ్వు డ్రైవరా, గెస్టా?" అని మా సిమెంటు బావ అడుగుతాడు. మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వుతాను. వాళ్ళకు తెలిసింది సగమే. మిగతా సగం ఒక్క టైర్ల భాయ్‌కి తెలుసు. అతను చెప్పడు గనక నేనే రాస్తున్నాను.

ముందు క్లబ్బు గురించి చెప్పాలి. జగ్గయ్యపేటలో సిమెంటు వ్యాపారం చేసే మా దూరపు బావ దానికి అధ్యక్షుడు. బైపాసు దగ్గర టైర్ల దుకాణం ఉన్న భాయ్ కార్యదర్శి. (అతని అసలు పేరు దుకాణం బోర్డు మీద తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు.) కారు ఉన్నవాళ్ళు, ఒకప్పుడు ఉండినవాళ్ళు, ముందుముందు కొనబోయేవాళ్ళు సభ్యులు కావచ్చునని నియమం. ఆ మధ్య తరగతి నియమం కేవలం నా కోసం పెట్టారని నాకు తెలుసు, కాని తెలియనట్టు ఉండేవాణ్ణి. అప్పట్లో నేను బావ కొట్లోనే పని చేసేవాణ్ణి. బావ దాన్ని గుమాస్తా పని అనేవాడు, నేను మేనేజరు ఉద్యోగం అనేవాణ్ణి. ఇద్దరం ఒకే పని గురించి మాట్లాడుతున్నామని చుట్టాలకు చాలాకాలం తెలియలేదు.

నన్ను పెంచింది మా పెద్దనాన్న. నాన్న నా చిన్నతనంలోనే పోయారు, పెద్దనాన్నకు పిల్లలు లేరు, పెద్దమ్మ కూడా అప్పటికి లేదు. ఆయన నడుము వంగగా నేను ఏనాడూ చూడలేదు. కింద పడిన కళ్ళజోడు తీసుకోవడానికి కూడా మోకాళ్ళు వంచేవారు గాని నడుము వంచేవారు కాదు. ఆ నడుమే నాకు ఆస్తిగా వచ్చింది. అందులో వాటా అడగడానికి దాయాదులెవరూ రాలేదు. ఇంగ్లండు నుంచి దిగిన తాతగారి సీమ కారు ఉండిన షెడ్డు అప్పటికే ఇడ్లీ హోటలు అయిపోయింది. పెద్దనాన్న మాత్రం హోటలు అనేవారు కాదు. "అబ్బాయ్, షెడ్డులోంచి నాలుగు ఇడ్లీ తెప్పించరా" అనేవారు. ఎప్పుడైనా వచ్చిన చుట్టాలు ఆ మాట విని, తినాలో వద్దో తెలియక తెల్లబోయేవారు.

కారు పోయాక మాకు బస్సే గతి. కాని పెద్దనాన్న బస్సెక్కే తీరు చూస్తే బస్సే మాకోసం గుమ్మం ముందుకు వచ్చిందనిపించేది. ఎడమవైపు కిటికీ పక్కన కూర్చుని, కండువా సర్దుకుని, నిటారుగా ముందుకు చూస్తూ "ఊఁ, పోనియ్" అని మెల్లగా అనేవారు. ఆ మాట డ్రైవరు దాకా వినపడేది కాదు. అయినా బస్సు ఎప్పుడో ఒకప్పుడు కదలవలసిందే కదా, అందుచేత ఆయన మాట ఏనాడూ పోలేదు.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. కూర్చునేవాడు వేరు, తోలేవాడు వేరు. మా ఇంటి మగవాడు కారులో వెనక సీట్లో, ఎడమవైపున కూర్చోవాలి. ముందు సీటు ఎక్కకూడదు. స్టీరింగు అసలే ముట్టుకోకూడదు. కారు పోయినా ఈ కట్టుబాటు పోలేదు. దాన్ని అద్దెకిచ్చే వీలు కూడా లేదు మరి. డ్రైవరు అన్న మాట మా ఇంట్లో తిట్టేమీ కాదు, కాని మా ఇంటివాడికి తగిలించకూడని మాట. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు గాని, బుద్ధి తెలిసినప్పటి నుంచి ఒకటే కోరిక. ఒక్కసారి ఒక మంచి కారు నా చేతులతో నడపాలి. కొనాలని కాదు, దాని గురించి ఆలోచించడానికి కూడా ధైర్యం ఉండేది కాదు. నడిపితే చాలు.

అందుకని పెద్దనాన్నకు తెలియకుండా టైర్ల భాయ్ దగ్గర డ్రైవింగు నేర్చుకున్నాను. అతని పాత వ్యానులో ముక్త్యాల రోడ్డు మీద పాఠాలు జరిగేవి. నా కన్నా పెద్దవాడైనా నన్ను "చినబాబుగారూ" అనేవాడు. ఆ పిలుపులో మర్యాద ఎంతో, వేళాకోళం ఎంతో నేను ఎన్నడూ తేల్చుకోలేకపోయాను.

"చినబాబుగారూ, క్లచ్చి తొక్కమంటే తొక్కాల. మెట్టు మీద పసుపు రాసినట్టు అట్టా మెల్లగా అద్దితే ఎట్టాగండి?"

"తొక్కుతున్నానుగా భాయ్."

"నడుం కాస్త వదులు చెయ్యండి. ఫోటో తియ్యట్లేదు మిమ్మల్ని."

నడుము వదులు చెయ్యడం నాకు చేతకాలేదు. మిగతావన్నీ వచ్చాయి. అయితే మొదటి రోజుల్లో ఒకసారి రోడ్డు వార ఆరబోసిన మిరపకాయల మీదికి వ్యాను పోనిచ్చాను. కాయలకు కాపలా ఉన్న ఆవిడ పరదా పట్టలు దాటుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "ఎవడయ్యా నువ్వు? కళ్ళు డిక్కీలో పెట్టుకుని తోల్తన్నావా?" అని అరిచి, దగ్గరికొచ్చి ముఖం చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయ్యయ్యో, పెద్దబాబుగారి అబ్బాయా! తొక్కితే తొక్కావులే బాబూ." అక్కడితో ఆగితే బాగుండేది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "డ్రైవర్ని పెట్టుకోలేని రోజులొచ్చినయ్యా పాపం?" అంది. ఆ ఘాటు ముందు మిరపకాయల ఘాటు ఎంత? టైర్ల భాయ్ అటు తిరిగి తుమ్మాడు. తుమ్మో నవ్వో నేను అడగలేదు. ఈ సంగతి ఇంటి దాకా రాకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. లైసెన్సు వచ్చాక కూడా భాయ్ దుకాణంలోనే ఉంచాను.

అలాంటి సమయంలో కంపెనీ వాళ్ళ ఆహ్వానం వచ్చింది. కీసర దగ్గర హైవే పక్కన ఖాళీ స్థలంలో టెస్ట్ డ్రైవు. క్లబ్బు సభ్యులందరూ రావచ్చు, లైసెన్సు ఉన్నవాళ్ళు నడపవచ్చు. నా కోసమే ఆ కంపెనీ పుట్టిందనుకున్నాను. కొట్లో పని ఉందని ఇంట్లో చెప్పి వెళ్ళివద్దామని ఏర్పాటు చేసుకున్నాను కూడా. కాని మా సిమెంటు బావ ఉన్నాడే, అతను ఎవరికి మేలు చేసినా అది ఇంకొకరి మెడకు చుట్టుకుంటుంది. ఈ ప్రాంతపు మొదటి కారు యజమానుల వంశం మా క్లబ్బులో ఉందని కంపెనీ వాళ్ళతో గొప్పగా చెప్పాడట. వాళ్ళు ఏకంగా పెద్దనాన్నకే ఫోను చేసి పిలిచారు.

సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి పెద్దనాన్న ఇస్త్రీ మడతలు పోని పంచె ఒకటి బయటికి తీసి చూసుకుంటున్నారు. "కార్ల వాళ్ళు పిలిచార్రా. మన ఇంటి పేరు చెప్పి పిలిచారు. పిలిచాక వెళ్ళకపోతే మర్యాదగా ఉండదు. నువ్వూ రా" అన్నారు. ఆయన గొంతులో ఎన్నాళ్ళుగానో వినని ఉత్సాహం. ఆయన పక్కన ఉండగా నేను స్టీరింగు ఎలా పట్టుకోవడం? పట్టుకోకపోతే, మళ్ళీ ఇలాంటి కారు నా చేతికి ఎప్పుడు రావడం?

ఇద్దరం బస్సులో కీసర వెళ్ళాం. (అంత గొప్ప కారు ఎక్కడానికి బస్సులో వచ్చినవాళ్ళం బహుశా మేమిద్దరమే. పెద్దనాన్న అది గమనించి, "దిగి కాస్త దూరం నడిచి వెళదాం, గాలి బాగుంది" అన్నారు. దుమ్ము తప్ప గాలి లేదు.) నల్లరేగడి నేల మీద ఎర్ర తివాచీ పరిచారు. తెల్లటి గుడారాలు వేశారు. వాటి నీడలో కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. వాటిని చూస్తే ఎవరికైనా చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలనిపిస్తుంది. నిజంగానే ఒక పెద్దాయన విడిచాడు. కొత్త చొక్కాలు వేసుకున్న రైతులు కారు చుట్టూ ప్రదక్షిణం చేస్తూ, కోట్లు వేసుకున్న కంపెనీ వాళ్ళని ప్రశ్నలతో తినేస్తున్నారు. "బాబూ, లీటరుకి ఎంతిస్తదయ్యా ఇది?" అని ఒకరు. "దీని కింద రాళ్ళు తగలవా? మా డొంకలో కొస్తదా?" అని ఇంకొకరు. డొంక అంటే పొలాలకు పోయే బండిదారి అని తెలియని ఆ కోటాయన, "ఆల్ టెరైన్ సర్" అన్నాడు. "ఏదో ఒక ట్రైను లేవయ్యా, డొంకలో కొస్తదా అని" అంటూ రైతు పట్టు వదలలేదు.

గుడారం మొదట్లో బల్ల వేసుకుని నల్లకోటు తొడుక్కున్న అమ్మాయి ఒకతి కూర్చుంది. మమ్మల్ని చూసి లేచి నిలబడి, నవ్వుతూ అడిగింది.

"వెల్కమ్ సర్! మీరు డ్రైవరా, గెస్టా?"

పెద్దనాన్న తల కాస్త పక్కకు వంచారు. నడుము కదలలేదు. "ఏమన్నావమ్మా?"

"అంటే సర్, కారు నడిపేవాళ్ళకి ఎర్ర బ్యాడ్జి, డ్రైవర్ అని ఉంటుంది. పక్కనా వెనకా కూర్చునేవాళ్ళకి తెల్లది, గెస్ట్ అని. బ్యాడ్జి లేకుండా కారు దగ్గరికి పంపకూడదు సర్, రూలు."

బల్ల మీద రెండు పళ్ళేలు ఉన్నాయి. ఎర్ర బిళ్ళల పళ్ళెం దాదాపు ఖాళీ అయిపోయింది. తెల్లవి అలాగే ఉన్నాయి. చుట్టూ చూస్తే, నందిగామ, కంచికచర్ల చుట్టుపక్కల పేరున్న ఆసాములందరూ డ్రైవర్ అన్న ఎర్ర బిళ్ళ గుండెల మీద పెట్టుకుని పెళ్ళికొడుకుల్లా తిరుగుతున్నారు. అంతలో మా సిమెంటు బావ అదే బిళ్ళతో కారు బానెట్టుకి ఆనుకుని ఫోటో తీయించుకుంటూ కనపడ్డాడు.

"ఏంట్రా, మీ బావ డ్రైవరుగా ఎప్పుడు కుదిరాడు? కొట్టు మూసేశాడా?" అని పెద్దనాన్న నిజమైన విచారంతో అడిగారు.

"అది ఊరికే బిళ్ళండి పెద్దనాన్నగారూ."

"ఊరికే అయితే ఆ మాటే ఎందుకు రాశారు?" అని, కాసేపు ఆ పళ్ళేల వైపు చూసి, "సరే, నువ్వు చెప్పరా ఆ అమ్మాయికి. మనమేంటో నువ్వే చెప్పు" అన్నారు.

ఆ మాట ఆయన ఏ ఉద్దేశంతో అన్నారో ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను. నాకు ఆ రోజు ఒకే ఉద్దేశం కనిపించింది. వెనక టైర్ల భాయ్ వచ్చి నిలబడ్డాడు. అతని జేబులో, దుకాణం నుంచి తెచ్చిన నా లైసెన్సు ఉంది. నేను అడిగితే చాలు, తీసి ఇస్తాడు. పళ్ళెంలో ఎర్ర బిళ్ళలు ఇంకా ఉన్నాయి. గుడారం అంచున ఒక నీలం రంగు కారు తలుపు తెరిచి ఉంది, స్టీరింగు మీద ఎండ పడుతోంది. నేను వెన్ను నిటారుగా పెట్టి, మా వంశంలో అందరూ ఎలా పలికేవారో అలా పలికాను.

"గెస్టు."

"చినబాబుగారూ, తొందర్లో అన్నట్టున్నారు. మళ్ళీ ఓసారి చెప్పండి" అన్నాడు భాయ్ నా చెవి దగ్గర.

"గెస్టే భాయ్."

ఆ అమ్మాయి నాకొక తెల్ల బిళ్ళ, పెద్దనాన్నకొక తెల్ల బిళ్ళ ఇచ్చి, ఇబ్బందిగా నవ్వింది. "మరి మీ ఇద్దరికీ డ్రైవర్ ఎవరు సర్?" నిజమే. ఇద్దరు అతిథులు ఉంటే కారు కదలదు కదా. టైర్ల భాయ్ ముందుకు వచ్చి ఎర్ర బిళ్ళ తానే తీసుకుని చొక్కాకు గుచ్చుకున్నాడు. "నేనున్నాలేమ్మా. నా గుండెల మీద డ్రైవర్ అని ఉంటే నా గుండేం ఆగిపోదు" అన్నాడు. అప్పుడు మాత్రం నావైపు చూడలేదు.

మేమిద్దరం వెనక కూర్చున్నాం. పెద్దనాన్న ఎడమవైపు. భాయ్ పక్కన కంపెనీ కోటాయన. పెద్దనాన్న కండువా సర్దుకుని "ఊఁ, పోనియ్" అన్నారు. జీవితంలో మొదటిసారి ఆ మాట డ్రైవరుకు వినపడింది. "చిత్తం" అన్నాడు భాయ్, నవ్వకుండా. కారు కదిలిందో లేదో తెలియలేదు, కిటికీలో గుడారాలు వెనక్కి జరిగాయి గనక కదిలిందని నమ్మాం.

మున్నేటి వంతెన ఎక్కేలోపే పెద్దనాన్న అద్దం దించమన్నారు. "దుమ్ము వస్తుంది సర్, లోపల ఏసీ ఉంది" అన్నాడు కోటాయన. "రానియ్యవయ్యా. కారెక్కామంటే మీసాల మీద ఎంతో కొంత దుమ్ము ఉండొద్దూ?" అన్నారు పెద్దనాన్న. అద్దం దించారు. కాని ఆ దుమ్ములో మమ్మల్ని చూసేవాళ్ళెవరూ లేరు. నందిగామ దగ్గర కారు ఊళ్ళోకి తిరగకుండా బైపాసు పట్టింది. "ఊళ్ళోకి పోనియ్యవయ్యా" అన్నారు పెద్దనాన్న. రూటు అంతేనని, బైపాసు మీదనే వెళ్ళి తిరిగి రావాలని కోటాయన చెప్పాడు. "ఊరికి ముఖం చాటేసి చుట్టూ తిరిగిపోవడానికి ఇంత కారెందుకు?" అని పెద్దనాన్న నాతో అన్నారు. ఆ తర్వాత ఆయన బయట చూడటం మానేసి, ముందు సీట్ల మధ్యనుంచి భాయ్ చేతుల వైపు చూడటం మొదలుపెట్టారు. చాలాసేపు చూశారు.

"ఏం భాయ్, ఆ చక్రం బరువుగా ఉందా?"

"లేదండీ పెద్దయ్యగారూ, వేలితో తిప్పచ్చు."

"అట్టాగా. మా కారుది రెండు చేతుల పని."

నేను కూడా అవే చేతుల వైపు చూస్తున్నాను. కారు నా వెన్ను కింద పట్టు పరుపులా పోతోంది. నాకు మాత్రం ముళ్ళ మీద కూర్చున్నట్టుంది.

బైపాసు చివర ఒక చోట కోటాయన కారు ఆపించాడు. "ఇక్కడ డ్రైవర్ మారచ్చు సర్. వెనక ఉన్నవాళ్ళలో ఎవరైనా ట్రై చేస్తారా? లైసెన్స్ చూపిస్తే చాలు" అన్నాడు. భాయ్ అప్పటికే తలుపు తీసుకుని దిగి, దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. దిగమని నన్ను అడగలేదు, ఊరికే నిలబడ్డాడు. పెద్దనాన్న నావైపు తిరిగారు. ఆయన కళ్ళలోకి చూశాను. పరీక్షిస్తున్నారనుకున్నాను. మన కట్టుబాటు నా తర్వాత నిలబెట్టేవాడు నువ్వే కదా అని అడుగుతున్నారనుకున్నాను.

"అవసరం లేదండి" అన్నాను కోటాయనతో.

భాయ్ మళ్ళీ ఎక్కి కూర్చుని తలుపు వేశాడు. ఖరీదైన కార్ల తలుపులు చప్పుడు చెయ్యవంటారు. ఆ తలుపు చప్పుడు నాకు బాగానే వినపడింది.

తిరుగు బస్సులో పెద్దనాన్నకు ఎప్పటిలాగే కిటికీ పక్క సీటు దొరికింది. అయితే ఆయన "పోనియ్" అనలేదు. బస్సే పోయింది. అంబారుపేట దాటాక, తెల్ల బిళ్ళ ఇంకా చొక్కాకే ఉందని గమనించి తీస్తూ అన్నారు.

"నా చిన్నప్పుడు మా డ్రైవరు ఒకడుండేవాడ్రా. మీ తాతగారు లేనప్పుడు నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చక్రం చేతికిచ్చేవాడు. ముక్త్యాల దాకా పోయేవాళ్ళం. ఒకరోజు ఆయన కంటబడ్డాం. ఆ సాయంత్రమే వాణ్ణి పంపించేశారు. నా సరదాకి వాడి కూడు పోయింది. ఇంకెప్పుడన్నా నేను ఆ చక్రం ఊసెత్తగలనా?"

బిళ్ళను జేబులో వేసుకుని ఆయనే మళ్ళీ అన్నారు.

"ఇందాక ఆయన మారతారా అన్నప్పుడు అనిపించిందిరా. నీకు తోలడం వచ్చుంటే ఎంత బాగుండేదా అని. నువ్వు తోల్తుంటే నేను ముందుకొచ్చి కూర్చునేవాణ్ణి. రోడ్డు మొత్తం కనపడుద్ది అక్కణ్ణించి."

నాకు వచ్చునని ఆ నిమిషంలో చెప్పవచ్చు. చెబితే, తోలడం వచ్చి కూడా గెస్టునని అన్నానని చెప్పాలి. ఆయనకు తెలియకుండా నేర్చుకున్నానని చెప్పాలి. అన్నిటికన్నా కష్టం, ఆయన కళ్ళను నేను తప్పుగా చదివానని చెప్పాలి. అంత పొడుగు నిజం నా నోట్లో పట్టలేదు. "నేర్చుకుంటాలెండి పెద్దనాన్నగారూ" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "నేర్చుకో. టైర్ల భాయ్‌ని అడుగు. నెమ్మదస్తుడు" అన్నారు.

అక్కడి నుంచి నా రెండో చదువు మొదలైంది. వచ్చిన విద్యను రానట్టుగా నేర్చుకోవడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది. రెండు రోజుల్లో నేర్చేసుకున్నానంటే ఆయన నమ్మరు, నమ్మితే అనుమానిస్తారు. అందుచేత మర్యాదగా, ఒక పద్ధతి ప్రకారం నేర్చుకుందామని నిర్ణయించుకున్నాను. సాయంత్రం ఇంటికి రాగానే పెద్దనాన్న అరుగు మీద సిద్ధంగా ఉండేవారు.

"ఇవాళ ఎందాకా వచ్చింది?"

"రెండో గేరండి."

"మొన్ననే రెండోదన్నావుగా?"

"చెయ్యి కుదరాలి కదండీ."

"అదీ నిజమేలే. కుదరనీ. గేరు మార్చేటప్పుడు దానివంక చూడకు. రోడ్డువంకే చూడాల. మావాడు అట్టాగే చెప్పేవాడు." ఇడ్లీ తిన్న స్టీలు పళ్ళెం ఖాళీ చేసి, తుడిచి, రెండు చేతులతో నా ముందు పట్టుకునేవారు. "ఇదిగో, చక్రాన్ని గట్టిగా పట్టుకోకూడదు. పట్టుకున్నట్టు ఉండాలంతే. మలుపులో చేతులు ఇట్టా మారాల. ఏదీ, పట్టుకో." నేను పళ్ళెం పట్టుకునేవాణ్ణి. ఆయన నా మణికట్టు పట్టుకుని తిప్పేవారు. ముక్త్యాల రోడ్డులో ఒక్కొక్క మలుపూ ఆయనకు గుర్తే. ఎక్కడ ఎత్తు వస్తుందో, ఎక్కడ హారను కొట్టాలో చెప్పేవారు. నిజం చెప్పాలంటే భాయ్ నేర్పని సంగతులు కొన్ని ఆ పళ్ళెం మీదే నేర్చుకున్నాను. అది సుఖంగానే ఉండేది. ఆ సుఖం వల్లే ఆలస్యం చేశానేమో కూడా.

భాయ్ విసుక్కునేవాడు. "ఇంకా ఎన్నాళ్ళు నేర్పించమంటారండీ నాచేత? నిన్న పెద్దయ్యగారు బజార్లో కనపడి, 'మావాడు మొద్దా భాయ్?' అని అడిగారు. నేనేం చెప్పను? వ్యాను తీసుకుపోయి ఆయన్ని ఎక్కించుకోండి, అయిపోద్ది." వానలు వెలిశాక రోడ్లు బాగుంటాయి, అప్పుడు తీసుకెళతానన్నాను. వ్యానులో కాదు, ఎవరిదైనా మంచి కారు అడిగి తెస్తానన్నాను. మా పెద్దనాన్నను వ్యానులో ముందు సీటు ఎక్కించడం బాగుంటుందా అన్నాను. భాయ్ నన్ను ఎగాదిగా చూసి, "ఆయన రోడ్డు చూస్తానన్నారండీ. కారు చూస్తాననలా" అన్నాడు.

వానలు వెలిశాయి. నా చదువు రివర్సు గేరు దాకా వచ్చింది. పెద్దనాన్న, "ఇంక అయిపోవచ్చిందిరా. వెనక్కి పోవడం వచ్చిందంటే అన్నీ వచ్చినట్టే" అన్నారు. ఆ వారంలోనే ఆయనకు జ్వరం తగిలింది. మామూలు జ్వరమే అనుకున్నాం. విజయవాడ ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికి సిమెంటు బావ తన కారు పంపాడు, డ్రైవరుతో సహా. పెద్దనాన్నను వెనక సీట్లో పడుకోబెట్టారు, తల నా ఒళ్ళో ఉంది. కారు కీసర దాటుతుంటే కళ్ళు తెరిచి, ముందు సీటు వైపు చూసి, "ఎవర్రా తోలేది?" అని అడిగారు. బావగారి డ్రైవరండి అన్నాను. "ఓహో" అని కళ్ళు మూసుకున్నారు. ఆసుపత్రి నుంచి ఆయన తిరిగి రాలేదు.

రాజధాని కబుర్లు ఎన్నో మలుపులు తిరిగాయి. పొలాలు అమ్మినవాళ్ళలో కొందరు కార్లు కొన్నారు, కొందరు కొన్నవి అమ్మారు. నాకూ ఇప్పుడు పాతదో కొత్తదో ఒక చిన్న కారు ఉంది, నేనే నడుపుతాను. కొత్తగా చూసినవాళ్ళు, అంత నిటారుగా కూర్చుని కారు నడిపే మనిషిని ఎక్కడా చూడలేదంటారు. క్లబ్బు నియమాల్లో నేను మొదటి తరగతిలోకి వచ్చాను. ఆ మధ్య తరగతి నియమాన్ని మాత్రం బావ కొట్టెయ్యలేదు, ఎప్పుడు ఎవరికి అవసరం వస్తుందో చెప్పలేమంటాడు.

మొన్న చలికాలంలో ఆ కంపెనీ వాళ్ళే మళ్ళీ వచ్చారు. ఇప్పుడు కార్లు చప్పుడు కూడా చెయ్యవు, కరెంటుతో నడుస్తాయి. భాయ్‌ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని నేను నడిపాను. మున్నేటి వంతెన మీద నా పక్కన కూర్చున్న కంపెనీ అమ్మాయి, ఈ కాలపు పిల్ల, మొహమాటం లేకుండా అడిగింది.

"అంకుల్, మీరు స్టీరింగు పట్టుకునే తీరు భలే ఉంది. ఊరికే ఆనించినట్టు. ఏ డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకున్నారు?"

వెనక టైర్ల భాయ్ గొంతు సవరించుకోవడం వినపడింది. నాకు నేర్పింది అతనే. మిరపకాయల దగ్గర నుంచి లైసెన్సు దాకా అన్నిటికీ సాక్షి అతనే.

"స్కూలు కాదమ్మా. మా పెద్దనాన్నగారు నేర్పారు" అన్నాను.

భాయ్ ఏమంటాడోనని పై అద్దంలోకి చూశాను. అతను కిటికీ అద్దం దించుకుని, దుమ్ము కొడుతున్నా లెక్కచెయ్యకుండా బయటికి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి, ఎవరితోనో తెలియదు గాని, "అవునమ్మా, బాగా నేర్పారు" అన్నాడు.